ఒక్క ఆదివారం అడ్జస్ట్ చేసుకోండి



ఈసారి కొంచెం పెద్దగానే రాస్తున్నాం, తీరిక చూసుకుని చదవండి. ఇది ఏ ఒక్కరి అభిప్రాయమో కాదు. మన భవనం బాగోగులు చూసుకునే మేం నలుగురైదుగురం కూర్చుని, మాట్లాడుకుని, మధ్యలో కొంచెం వాదులాడుకుని రాసిన సంగతి.

పెళ్ళిళ్ళ సీజను మొదలయ్యే ముందు ఏటా చేసినట్టే ఈసారి కూడా స్టోరు రూములో సామాను లెక్క చూశాం. గుండిగలు, అండాలు, గరిటెలు, జల్లెడలు, జంపఖానాలు. జంపఖానాల కట్ట దించితే దాని వెనక ఒక నోటుపుస్తకం దొరికింది. అట్ట మీద పిల్లల చేతిరాతతో "ఆదివారం తెలుగు క్లాసు" అని ఉంది. మధ్యలో ఒక పేజీ తెరిస్తే పైన టీచరమ్మ చేతిరాత: "అడ్జస్ట్. ఈ మాట ఈ వారం మీ ఇంట్లో ఎవరెవరు, ఎందుకన్నారో రాసుకుని రండి. దాని బదులు మన మాట ఏదో వెతుకుదాం."

కింద పిల్లలు ఇళ్ళ నుంచి పట్టుకొచ్చిన వాక్యాలు. ఒక్కొక్కటీ ఒక్కో చేతిరాత. అక్కడే ఒక గుండిగ బోర్లించుకుని కూర్చుని చదివాం. మొదట నవ్వుకున్నాం, ఎందుకంటే అవన్నీ మన ఇళ్ళ మాటలే. పేజీ చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

బెంగళూరులో ఉండేవాళ్ళకు ఈ మాట గురించి కొత్తగా చెప్పేదేముంది? "స్వల్ప అడ్జస్ట్ మాడి" అనేది ఈ ఊరి ఊతపదం. ముగ్గురు కూర్చునే సీటులో నాలుగో మనిషి కూర్చోవాలన్నా అదే. ఆటో ఆయన దగ్గర చిల్లర లేకపోయినా అదే. కొళాయి నీళ్ళు రాకపోయినా, హోటల్లో మన టేబులు దగ్గరికి ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి కూర్చున్నా అదే. ఒక కాఫీని బై టూ అని ఇద్దరు పంచుకునే ఊరు ఇది. ఇన్ని భాషలవాళ్ళు ఒకే ఊళ్ళో పెద్దగా కొట్లాడుకోకుండా బతుకుతున్నారంటే ఈ మాటకూ అందులో కొంత పుణ్యం ఉంది. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాం. అడ్జస్ట్ అన్నమాట మీద మాకు కోపమేం లేదు.

ఇప్పుడు ఆ పేజీలో ఉన్నవి చూడండి. పిల్లల మాటలు పిల్లల మాటల్లాగే పెడుతున్నాం.

"బస్సులో అమ్మ పక్కామెను కొంచెం అడ్జస్ట్ చేసుకోండి అన్నింది." దీనికి టీచరమ్మ రాయించిన మాట: జరగండి. పక్కనే కుండలీకరణాల్లో, "మా అవ్వయితే రవ్వంత జరుగు తల్లీ అనేది" అని రాసి ఉంది.

"నాన్న నా సైకిల్ సీటు అడ్జస్ట్ చేసినాడు." ఎత్తు తగ్గించాడు, తరవాత బిగించాడు. ఒక్క అడ్జస్ట్‌లో రెండు పనులున్నాయి.

"అక్క చీర కుచ్చిళ్ళు అడ్జస్ట్ చేసుకునింది." సర్దుకుంది.

"సాంబారులో ఉప్పు ఎక్కువయింది, అమ్మ నీళ్ళు పోసి అడ్జస్ట్ చేసింది." సరిచేసింది. దాని కింద ఇంకో పిల్ల పెన్సిలుతో, "మా ఇంట్లో ఎవరూ ఏమీ చేయరు, అట్లే తింటాము" అని రాసింది. దానికి టీచరమ్మ ఇచ్చిన మాట: సరిపెట్టుకుంటారు.

"మేథ్స్ మిస్ రాలేదు, పీటీ సార్ అడ్జస్ట్‌మెంట్ పీరియడ్‌కు వచ్చినారు." బదులు వచ్చారు.

"ఇల్లు ఖాళీ చేస్తా ఉండాము, రెండు నెలల బాడిగ అడ్వాన్సులో అడ్జస్ట్ చేసుకోండి అని నాన్న ఓనరుకు చెప్పినాడు." పట్టుకోండి, లేదా మినహాయించుకోండి. పది నెలల బాడిగ అడ్వాన్సు కట్టే అలవాటున్న ఊరు కాబట్టి ఈ వాక్యం తెలియని ఇల్లు మనలో ఉండదు.

"మామ వచ్చి నాన్నను ఒక పదివేలు అడ్జస్ట్ చేయమన్నాడు." సర్దమన్నాడు. వడ్డీ లేకుండా, కాయితం లేకుండా, చేతిలో పెట్టి చేతిలో తీసుకునేది చేబదులు. కన్నడంలో దీన్నే కైగడ అంటారు, తమిళంలో కైమాత్తు అంటారు. మూడు భాషల్లోనూ ఆ మాటలో చెయ్యి ఉంది. ఈ వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

"అన్నకు హాస్టల్ తిండి అడ్జస్ట్ కాలేదు." పడలేదు.

"ఊర్నుంచి వచ్చిన జేజి మా అపార్టుమెంటులో అడ్జస్ట్ కాలేదు, మళ్ళీ ఊరికి పోయింది." ఇమడలేదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు అనే సామెత అక్కడ రాయించి, "జేజి కత్తి కాదు, ఒరే చిన్నది" అని టీచరమ్మ చమత్కారం.

ఆఖరు వాక్యం ఇది: "మా అత్త ఏడ్చుకుంటా వచ్చింది. అవ్వ అత్తకు అడ్జస్ట్ అయిపో అని చెప్పి పంపించింది." దీని ఎదుట టీచరమ్మ "సర్దుకుపో" అని రాసి, దాని చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి, పక్కన ఒక ప్రశ్న వేసింది: "ఎవరు జరిగారు?"

పది వాక్యాలకు పదిరకాల తెలుగు మాటలు వచ్చాయి. తెలుగు గొప్పది, ఇంగ్లీషు బీదది అని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇంగ్లీషువాళ్ళు ఇంత పనీ ఒక్క మాటతో చేయించరు. వాళ్ళకు వేరే మాటలున్నాయి. మనమే ఆ ఒక్క మాటను తెచ్చుకుని, మన దగ్గరున్న పది మాటలను పక్కన పెట్టి, అన్ని పనులూ దాని నెత్తిన వేశాం.

నిఘంటువు తిరగేస్తే ఇంకో సంగతి తెలిసింది. అడ్జస్ట్ అన్నది ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని వేరు లాటిన్‌లో ఉంది. "జుక్స్‌టా" అంటే దగ్గర, "అడ్" అంటే వైపు. రెండూ కలిస్తే దగ్గరికి చేర్చడం. ఎంత మంచి అర్థమో చూడండి. బస్సు సీటులో నాలుగో మనిషి కూర్చున్నప్పుడు జరిగేది అదే, నలుగురూ దగ్గరికి చేరతారు. ఆ ముగ్గురూ తలా రెండంగుళాలు జరిగితేనే ఆ చోటు వస్తుంది. ఒక్కరినే జరగమంటే ఆ ఒక్కరు సీటు అంచు నుంచి కింద పడతారు.

పొరుగు భాషల్లో చూసినా ఇదే తీరు. కన్నడంలో "హొందికొండు హోగు" అంటారు, సర్దుబాటును "హొందాణికె" అంటారు. కన్నడంలో హకారం వచ్చే చాలా మాటలకు మన దగ్గర పకారం ఉంటుంది. పాలు అక్కడ హాలు, పువ్వు అక్కడ హూవు. అట్లాగే హొందు అన్నది మన పొందు. పొందిక అన్నా, పొందుగా ఉండటమన్నా ఒకదానికొకటి చక్కగా అమరడమే. తమిళంలో ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు "అనుసరిచ్చు పో" అంటారు. అదే సంస్కృత పదం మనకు వచ్చేసరికి అనుసరించడం అయింది, వెనక నడవడం అని అర్థం. షోలాపూర్‌లో స్థిరపడ్డ మన బంధువుల ఇళ్ళల్లో మరాఠీలో "జుళవూన్ ఘే" అంటారు, జతపరుచుకో అని. ఏ భాషలో విన్నా ఈ మాటలు ఎక్కువగా కోడళ్ళకు చెప్పేవే. అల్లుడికి చెప్పిన సందర్భం మా నలుగురైదుగురిలో ఎవరికీ గుర్తు రాలేదు. మా ఇళ్ళల్లో ఈ మాట ఎవరు ఎవరితో అన్నారో ఒక్కసారి లెక్కవేసుకున్నాం. ఆ లెక్క ఇక్కడ రాయం, ఎవరిది వాళ్ళకు తెలిసిందే.

టీచరమ్మ వేసిన ప్రశ్నలో విషయమంతా ఉంది. ఎవరు జరిగారు? తెలుగు క్రియలో దానికి జవాబు కనిపిస్తుంది. సర్దాడు అంటే వస్తువులు కదిలాయి. సర్దుకున్నాడు అంటే తాను కదిలాడు. సర్దుబాటు చేసుకున్నారు అంటే ఇద్దరూ మాట్లాడుకుని అటూఇటూ కదిలారు. సర్దుకుపోయింది అంటే ఒక్కతే కదిలింది, కదులుతూనే ఉంది. సరిపెట్టుకున్నాం అంటే ఏదీ కదలలేదు, మన ఆశే తగ్గింది. తలొగ్గాం అంటే అవతలివాడు బలవంతుడు. పట్టువిడుపులు అంటే ఒకసారి నేను పట్టాను, ఒకసారి నువ్వు విడిచావు. వీటన్నిటినీ అడ్జస్ట్ అంటే ఎవరు జరిగారో, ఎంత జరిగారో, ఇష్టపడి జరిగారో లేదో ఏదీ తెలియదు. అడిగేవాడికి ఎంత సుఖమో చూడండి. గట్టిగా అన్నట్టూ ఉండదు, పని మాత్రం అయిపోతుంది.

ఇంతవరకూ భాష సంగతి. ఇక మన సంగతి.

ఆదివారం తెలుగు క్లాసు ఎట్లా మొదలయిందో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ళు చదివేది ఇంగ్లీషు మీడియం, బడిలో రెండో భాష కన్నడం. 2015 నాటి కన్నడ భాషా అభ్యాస చట్టం తరవాత కన్నడం అన్ని బళ్ళల్లోనూ నేర్పుతున్నారు. అది మంచిదే. ఈ నేల భాష రాకుండా ఈ నేల మీద బతకడమేమిటి? మనలో కొందరి తాతలు చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంకొందరు ఎక్కడి నుంచీ రాలేదు, కోలారు, హొసకోటె, ఆనేకల్ వైపు పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ ఉన్నవాళ్ళే. 2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 35 లక్షలకు పైనే. మనం వీధిలో కన్నడం, కంటోన్మెంటు వైపు పోతే తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాళ్ళం. అట్లా కలిసిపోవడం మనకు చిన్నతనం కాదు.

టీచరమ్మ బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, పైసా తీసుకోకుండా క్లాసు పెడతానని తానే వచ్చి అడిగింది. కింది మీటింగు గదిలో ప్రతి ఆదివారం పది నుంచి పన్నెండు దాకా. ఆమె పద్ధతి చాలా తేలిక. పిల్లలకు కన్నడ అక్షరాలు వచ్చు కదా, అక్కడి నుంచే మొదలుపెట్టింది. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. అ, ఆ, ఇ, ఈ దాదాపు ఒకటే. తల మీద చూడండి, కన్నడ అక్షరానికి అడ్డగీత ఉంటుంది, తెలుగు అక్షరానికి టిక్కు పెట్టినట్టు తలకట్టు ఉంటుంది. "మీరు సగం తెలుగు బడిలోనే నేర్చేసినారు, మిగతా సగమే నా పని" అనేది పిల్లలతో. రెండు మూడు నెలలు తిరిగేసరికి పిల్లలు శుభలేఖలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. మొదటి సంవత్సరం ముప్పైమంది దాకా వచ్చేవాళ్ళు.

తరవాత ఏమయిందో మేమే చెప్పాలి, ఎందుకంటే చేసింది మేమే.

ఒక మాఘమాసం ఆదివారం ముహూర్తం. పెళ్ళివారు మగపెళ్ళివారి విడిదికి కింద ఒక గది కావాలన్నారు. మీటింగు గది ఉంది. టీచరమ్మకు ఫోను చేశాం: "ఈ ఒక్క ఆదివారం అడ్జస్ట్ చేసుకోండి టీచరమ్మా." ఆమె ఒక్క మాట కూడా అనలేదు. "దానికేం సామీ, అక్షరం ఎక్కడ కూర్చుని దిద్దినా అక్షరమే" అంది. ఆ రోజు క్లాసు భోజనాల హాలు మూలన జరిగింది. పక్కన వంటవాళ్ళు ఆకులు పరుస్తున్నారు.

రెండోసారి భోజనాల హాలులోనూ చోటు లేకపోయింది. మేడ మీద రేకుల షెడ్డు కిందికి పంపాం. మాఘం పోయి చైత్రం వచ్చాక ఆ రేకుల కింద పిల్లలు నిలవలేకపోయారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మూడు అంతస్తుల మెట్లు. మూడోసారి, నాలుగోసారి స్టోరు రూములో జంపఖానా పరిచి కూర్చున్నారు. ఆ నోటుపుస్తకం అక్కడికి ఎట్లా వచ్చిందో అప్పుడు అర్థమయింది మాకు. పిల్లలు ముప్పై నుంచి పదిహేను, పదిహేను నుంచి ఆరు. ఒకరోజు టీచరమ్మ, ఒకే ఒక్క పిల్లవాడు.

మినిట్స్ పుస్తకంలో ఏం రాశామో తీసి చూశాం. "పిల్లల రాక తగ్గినందున తెలుగు తరగతి తాత్కాలికంగా నిలిపివేయడమైనది." చదివితే తప్పు పిల్లలదే అనిపిస్తుంది. తరవాత హాలు బుకింగు రిజిస్టరు తీసి ఆ ఏడాది ఆదివారాలు ఒక్కొక్కటే లెక్కపెట్టాం. క్లాసును గదిలో నుంచి లేపింది ఇరవై రెండు ఆదివారాలు. ప్రతిసారీ "ఈ ఒక్క ఆదివారమే" అన్నాం. ప్రతిసారీ అది నిజమే అనుకున్నాం కూడా.

నోటుపుస్తకం తీసుకుని ముగ్గురం ఆమె ఇంటికి పోయాం. కాఫీ ఇచ్చింది, ప్లేటులో నిప్పట్లు పెట్టింది. పుస్తకం చూసి సంబరపడింది. "ఇది పోయిందనుకున్నా. ఆ సైకిల్ పిల్లోడు ఎట్లుండాడు?" అని అడిగింది. మేం వచ్చిన పని చెప్పలేక చెప్పలేక చెప్పాం. తప్పయింది టీచరమ్మా అన్నాం.

ఆమె కోపం చేసుకోలేదు. కాసేపు ఊరికే ఉండి ఇట్లా అంది: "మీరు లేచిపొమ్మని ఉంటే, ఎందుకు పోవాల అని అడిగుందును. అడ్జస్ట్ చేసుకోమంటే ఏమని అడిగేది? చేసుకోనంటే నాదే మొండితనం అవుతుంది. ఒక ఆదివారం సర్దమ్మా అని అడిగుంటే కూడా బాగుండేది. సర్దింది చేబదులు కదా. తిరిగి ఎబ్బుడు ఇస్తారు అని అడిగే దారి ఉండేది నాకు."

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మామ నాన్నను అడిగిన పదివేల వాక్యం గుర్తొచ్చింది. సర్దడం అన్న మాటలో తిరిగి ఇవ్వడం ఉంది. మన ఇళ్ళల్లో పదివేలు సర్దిన మనిషికి నెల తిరక్కముందే ఇచ్చేస్తాం, ఇవ్వలేకపోతే ఎదురుపడటానికి సిగ్గుపడతాం. ఇరవై రెండు ఆదివారాలు తీసుకుని మేం సిగ్గుపడలేదు. మేం వాడిన మాటలో బాకీ అన్నదే లేదు మరి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ప్రతి ఏడూ మనం ప్రభుత్వానికి అర్జీలు రాస్తాం. భాషాపరంగా అల్పసంఖ్యాకులం, మా పిల్లలకు మాతృభాష నేర్చుకునే వీలు కల్పించండి అని. అడగడానికి మనకు ఆధారం ఉంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం, 1956లో ఏడో సవరణతో చేర్చింది, ప్రాథమిక దశలో ఇటువంటి పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే ప్రయత్నం రాష్ట్రాలు చేయాలంటుంది. 29వ అధికరణం తమ భాషను, లిపిని కాపాడుకునే హక్కు ఇస్తుంది. ఆ అర్జీలన్నిటి మీదా మన సంఘం ముద్ర ఉంటుంది. ఆ అర్జీలు మేం టైపు చేయించింది కూడా ఆ మీటింగు గదిలోనే. ప్రభుత్వాన్ని సౌకర్యం అడిగిన గదిలో నుంచే మన క్లాసును లేపి స్టోరు రూముకు పంపాం. దీనికి ఏ ప్రభుత్వాన్ని అనాలి?

కమిటీలో అందరిదీ ఒకే మాట కాదు, అది కూడా దాచకుండా చెప్తున్నాం. ఒక పెద్దాయన అన్నాడు: "పెళ్ళి జీవితంలో ఒక్కసారి, క్లాసు ప్రతివారం ఉండేదే కదప్పా. ఒక వారం పోతే ఏమవుతుంది?" ఆయన మాటలో న్యాయం ఉంది. ముహూర్తం ఆదివారాల్లో వచ్చే బాడిగతోనే భవనం కరెంటు బిల్లు, పన్ను, వాచ్‌మన్ జీతం నడుస్తున్నాయి. పేదింటి పిల్లల ఫీజులకు మనం ఇచ్చే సాయం కూడా అందులో నుంచే. చేతిలో డబ్బు లేని మన సభ్యుల ఇంటి పెళ్ళి తక్కువ బాడిగకు మన హాలులోనే జరగాలి, వాళ్ళను ఇంకో చోటికి పొమ్మనలేం.

దానికి మాలోనే ఒక అక్క జవాబు చెప్పింది: "ప్రతివారం ఉండేదనే కదా ప్రతివారం దాన్నే లేపినాం. ఒక్కసారి వచ్చేవాళ్ళు గట్టిగా అడుగుతారు. రోజూ ఉండేవాళ్ళు అడగరు. ఇంట్లో అయినా అంతే." ఆ తరవాత పెద్దాయన ఏమీ అనలేదు. ఒప్పుకున్నాడని కాదు, ఆలోచిస్తున్నాడని మాకు తెలుసు.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు విషయాలు పెడుతున్నాం. ముందే చదువుకుని రండి.

ఒకటి. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా కింది మీటింగు గది తెలుగు క్లాసుది. బుకింగు ఫారంలోనే ఈ మాట అచ్చు వేయిద్దాం. మగపెళ్ళివారి విడిదికి మొదటి అంతస్తు వెనక గది బాగు చేయిద్దాం. అక్కడ బాత్రూము కొళాయిలు పనిచేయవు, గోడలకు చెమ్మ ఉంది. దానికయ్యే ఖర్చు అంచనా వేయిస్తున్నాం, సమావేశంలో కాయితం మీద చూపిస్తాం. క్లాసు పన్నెండుకు అయిపోయాక ఆ గది పెళ్ళివారు వాడుకోవచ్చు.

రెండు. భవనం తెలుగు క్లాసుకు ఇరవై రెండు ఆదివారాలు బాకీ ఉందని రిజిస్టరులో ఒక పేజీ తెరుద్దాం. వేసవి సెలవుల్లో ముహూర్తాలు లేని రోజులు చూసి ఒక్కొక్కటీ తిరిగి ఇచ్చి, ఎదురుగా సంతకం పెడదాం. కొందరికి ఇది చాదస్తంగా అనిపించవచ్చు. బాకీ రాసుకోని ఇంట్లో బాకీ తీరదు.

మూడు. మన మీటింగుల్లో ఎవరైనా అడ్జస్ట్ అనగానే పక్కవాళ్ళు మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరు జరగాలి? ఎంతసేపు? తిరిగి ఎప్పుడు? జవాబులు దొరికితే సంతోషంగా జరుగుదాం. మాట మానేయమని అనడం లేదు, మేం కూడా మానలేం. ఇది రాస్తున్నప్పుడే మాలో ఒకరు "కుర్చీ కొంచెం అడ్జస్ట్ చేయన్నా" అన్నారు, అందరం పగలబడి నవ్వాం.

ఆ నోటుపుస్తకంలో అడ్జస్ట్ తరవాతి పేజీ పాఠం ఏమిటో కూడా చెప్పి ముగిస్తాం. "మేము, మనము" అని ఉంది. కన్నడంలో ఈ రెంటికీ కలిపి "నావు" అని ఒకటే మాట. అందుకని మన పిల్లలు ఈ రెండూ తారుమారు చేస్తారట. తమిళంలో మనలాగే రెండు ఉన్నాయి. మేము అంటే వినేవాడు బయట ఉన్నాడు, మనము అంటే వినేవాడూ లోపలే ఉన్నాడు. "అడ్జస్ట్ చేసుకోండి" అన్నప్పుడు అన్నవాడు జరగడు, వినేవాడే జరగాలి. "సర్దుకుందాం" అంటే అన్నవాడు కూడా రెండంగుళాలు జరగాలి. ఈ కాయితంలో మొదటి నుంచీ ఎక్కువగా మేము, మేము అని రాస్తూ వచ్చాం, ఎందుకంటే తప్పు మాది. మూడు తీర్మానాల దగ్గరికొచ్చేసరికి మనం అయింది. అది మీరు ఒప్పుకుంటేనే నిజమవుతుంది.

టీచరమ్మ మళ్ళీ వస్తానని మాట ఇవ్వలేదు. "మెట్లెక్కలేను, కింది గదయితే చూస్తాను. ముందు పిల్లోళ్ళు వస్తారేమో కనుక్కోండి" అంది. గది సంగతి సమావేశంలో తేలుతుంది. పిల్లల సంగతి మీ చేతుల్లో ఉంది. ఏ ఇంట్లో ఎంతమంది వస్తారో పేర్లు ఆఫీసులో రాయించండి. నోటుపుస్తకంలో ఇంకా సగానికి పైగా ఖాళీ పేజీలున్నాయి.